బండి ఎవరిది?

"అక్కా, తాళం చెవి ఎక్కడుందే?"

"ఫ్రిజ్ మీదుంది చూడు."

2022 ఆగస్టులో ఒక ఉదయం ఆరుంపావుకి మా తమ్ముడికీ నాకూ మధ్య జరిగిన సంభాషణ ఇంతే. నేను కళ్ళు కూడా తెరవలేదు. దుప్పటి ముఖం మీదికి లాక్కుని మళ్ళీ పడుకున్నాను. ఆ ఒక్క ముక్క తర్వాత ఇన్సూరెన్సు కంపెనీ కోర్టులో వేసిన కౌంటరులో "డ్రైవరుకు చెల్లుబాటయ్యే లైసెన్సు లేదని తెలిసీ యజమానురాలు వాహనం అప్పగించినది" అనే వాక్యంగా మారింది. చదివినప్పుడు నాకు ముందు కోపం వచ్చింది. నేను అప్పగించిందెక్కడ? ఫ్రిజ్ మీద ఉందని చెప్పానంతే.

తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు, మా బాబాయి కొడుకు. ఇంట్లో అందరికీ చింటూ. అప్పటికి ఇరవై ఒక్కేళ్ళు. డిగ్రీ అయిపోయి, అమీర్‌పేటలో ఏదో కోర్సు నేర్చుకోవడానికి ఖమ్మం నుంచి వచ్చి మూసాపేటలో నా రెండు గదుల ఇంట్లో ఉండేవాడు. క్లాసు పొద్దున ఏడింటికి. స్కూటీ నాది, 2019లో నా మొదటి ఉద్యోగం డబ్బుతో కొనుక్కున్నది. నాకు లైసెన్సు ఉంది. బండికి ఇన్సూరెన్సు ఉంది, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది. ఈ విషయాల్లో నేను చాలా పద్ధతైన మనిషినని నాకు నమ్మకం.

చింటూకి ఆ ఏడాది జనవరిలో ఎల్.ఎల్.ఆర్. తీయించింది కూడా నేనే. అది ఆరు నెలలు పనిచేస్తుంది. తీసుకున్న ముప్పై రోజుల తర్వాత ఎప్పుడైనా వెళ్ళి టెస్టు ఇచ్చి అసలు లైసెన్సు తెచ్చుకోవచ్చు. మొదట పరీక్షలన్నాడు, తర్వాత ఎవరిదో పెళ్ళన్నాడు, తర్వాత స్లాటు దొరకలేదన్నాడు. జులైలో ఒక రాత్రి అన్నం తింటూ, టీవీలో క్రికెట్ చూస్తూ, "ఎల్.ఎల్.ఆర్. అయిపోయిందే అక్కా, మళ్ళీ అప్లై చెయ్యాలి" అన్నాడు. "చెయ్యి మరి" అన్నాను. పప్పు వేసుకున్నాను. ఆ పప్పు సంగతి కూడా నాకు గుర్తుందంటే, ఆ మాట విన్నానన్నట్టే కదా.

అసలు ఎల్.ఎల్.ఆర్. బతికున్న రోజుల్లో కూడా వాడు ఒక్కడే నడపకూడదు. బండికి ముందూ వెనకా ఎర్ర 'ఎల్' ఉండాలి, పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి. స్కూటీకి ఎల్ బోర్డు పెట్టుకుని, వెనక అక్కని కూర్చోబెట్టుకుని అమీర్‌పేట క్లాసుకి వెళ్ళే కుర్రాడిని మీరెప్పుడైనా చూశారా? నేనైతే చూళ్ళేదు.

ఎనిమిదింటికి ఫోనొచ్చింది. చింటూ గొంతు కాదు. ఎవరో, "ఈ పిలగాడు మీ తమ్ముడా? ఒకాయన్ని గుద్దిండు, రండి" అని పెట్టేశారు.

సందు మలుపులో జరిగింది. రాత్రి వాన పడింది, రోడ్డు తడిగా ఉంది. ఇస్త్రీ బట్టల మూట భుజాన వేసుకుని ఒకాయన రోడ్డు దాటుతున్నాడు. వీడు మలుపులో వేగం తగ్గించలేదు. బ్రేకు గట్టిగా పట్టేశాడు, బండి జారింది, జారిన బండి పోయి ఆయన ఎడమ కాలికి తగిలింది. చింటూకి మోచెయ్యి చెక్కుకుపోయిందంతే. ఆయనకి మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. నేను వెళ్ళేసరికి ఆయన్ని ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిపోయారు. రోడ్డు మీద ఎవరివో తెల్ల చొక్కాలు బురదలో పడి ఉన్నాయి. ఒకావిడ వాటిని ఏరి పక్కన అరుగు మీద పెడుతోంది.

పోలీస్ స్టేషనుకి వెళ్ళే దారిలో బాబాయి ఫోను. అప్పటికే ఖమ్మంలో అందరికీ తెలిసిపోయింది.

"తల్లీ, నీకు లైసెన్సు ఉన్నది గదా. నువ్వే నడిపినవని చెప్పు. ఇన్సూరెన్సు ఉన్నది, అంతా వాళ్ళే చూసుకుంటరు. వానికి కేసు అయితే రేపు పాసుపోర్టు కాడ తిప్పలు. ఆడపిల్లవి, నిన్నెవరూ ఏమనరు."

తర్వాత అమ్మ చేసింది. అమ్మ ఏమీ చెప్పలేదు, "బాబాయి చెప్పింది విన్నావా?" అని మాత్రం అడిగింది.

ఆ మాట నాకు అబద్ధంలా అనిపించలేదు. నిజం చెప్తున్నాను. సర్దుబాటు అనిపించింది. ఎలాగూ ఆయనకి డబ్బు అందాలి, అందించడానికి ఒక కంపెనీ ఉంది, దానికి నేను మూడేళ్ళుగా ప్రీమియం కడుతున్నాను. ఒక పేరు బదులు ఇంకో పేరు రాస్తే అన్నీ చక్కగా కుదురుతాయి. మా ఇళ్ళలో ఇలాంటివి వినడం కొత్త కాదు. లారీ క్లీనరు గుద్దితే డ్రైవరు ఒప్పుకోవడం, కొడుకు గుద్దితే తండ్రి ఒప్పుకోవడం. నేను ఆటోలో కూర్చుని, 'మలుపులో కనపడలేదండీ, బ్రేకు వేశాను, జారింది' అని మనసులో రెండు మూడుసార్లు అనుకుని చూసుకున్నాను కూడా.

స్టేషన్లో ఎస్సై మొదటి ప్రశ్న, "బండి ఎవరిది?"

"నాదే సార్."

"నడిపిందెవరు?"

నేను నోరు తెరిచేలోపు ఆయనే కాయితాల మీంచి తలెత్తకుండా, "ఆలోచించుకుని చెప్పమ్మా. ఎదురుగా మందుల షాపుకి కెమెరా ఉంది" అన్నాడు.

"మా తమ్ముడు సార్" అన్నాను.

అంత మామూలుగా అయిపోయింది. కెమెరా లేకపోతే ఏమనేదాన్నో నాకు తెలుసు. ఆ తర్వాత చాలా మంది, "పోనీలే, నిజం చెప్పావు" అని మెచ్చుకున్నప్పుడల్లా నేను మాట మార్చేదాన్ని. అలా పేరు మార్చి చెప్పుంటే, అబద్ధపు సమాచారం ఇచ్చినందుకు నా మీద ఇంకో కేసు పడేదని, పైగా అసలు క్లెయిమే చిక్కుల్లో పడేదని తర్వాత మా వకీలు చెప్పాడు.

ఆ రోజు దాకా లైసెన్సు లేకుండా నడపడమంటే నాకు తెలిసింది చలానా ఒక్కటే. చౌరస్తాలో ఆపుతారు, బతిమాలతాం, కడతాం, వచ్చేస్తాం. ఆ వారంలో అర్థమైందేంటంటే, చలానా అన్నది ఈ ఇంటికి వాకిలి మాత్రమే. లోపల గదులు చాలా ఉన్నాయి.

మొదటి గది మోటారు వాహనాల చట్టం, 1988 నాటిది. లైసెన్సు లేకుండా నడిపిన వాడికి సెక్షన్ 181. మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 2019 సవరణకి ముందు ఇదే జరిమానా 500 వరకు ఉండేది. ఇది వాడి సంగతి. నాకు తెలియనిది దాని పైనే ఉన్న సెక్షన్ 180. లైసెన్సు లేని మనిషిని నడపనిచ్చిన యజమానికి కూడా అదే శిక్ష. మూడు నెలలు, 5,000. "నేను నడపలేదు కదా సార్?" అని అడిగితే రైటరు నవ్వి, "అందుకేనమ్మా ఇది వేరే సెక్షను" అన్నాడు.

రెండో గది క్రిమినల్ కేసు. అప్పటికింకా పాత ఐపీసీయే. 279, నిర్లక్ష్యంగా నడిపినందుకు. 338, తీవ్రమైన గాయం చేసినందుకు. ఇవి చింటూ మీద. లైసెన్సు ఉన్నా ఈ కేసు పెట్టేవాళ్ళే. కానీ లైసెన్సు లేకపోయేసరికి మాట్లాడుకోవడానికి మాకు ముఖం లేకుండా పోయింది.

మూడో గది అన్నిటికంటే పెద్దది, అందులోనే నేను రెండేళ్ళు ఉన్నాను. మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్. పేరు పెద్దదే కానీ, కోర్టు ఆవరణలో పైకప్పు ఫ్యాను కిర్రుమనే ఒక హాలు. అక్కడ కేసు వేసింది ఇస్త్రీ ఆయన. ప్రతివాదుల్లో మొదటి పేరు నాది. చింటూది నా తర్వాత, కంపెనీది ఆఖరున. సమన్లు అందిన రోజు నాకు కొంచెం బాధేసింది, ఆస్పత్రికి పళ్ళు పట్టుకుని రెండుసార్లు వెళ్ళాను కదా, మందులకి పదిహేను వేలు ఇచ్చాను కదా అని. ఆ బాధ సిగ్గుమాలినదని అర్థం కావడానికి ఆయనింటికి వెళ్ళాల్సొచ్చింది.

ఆయనది నిలబడి చేసే పని. బొగ్గుల పెట్టె, బండి, పొద్దున్నుంచి చీకటి పడేదాకా రెండు కాళ్ళ మీద. నేను వెళ్ళినప్పుడు కాలు చాపుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు, బయట వాళ్ళావిడ ఇస్త్రీ చేస్తోంది. కేసు వేసినందుకు ఆయనేం మొహమాటపడలేదు. పడాల్సిన పనీ లేదు. వకీలు వెయ్యమన్నాడు, వేశాను అన్నాడు. మాటల్లో నేను, వాడికి లైసెన్సు లేదని, అందుకే కంపెనీ ఇవ్వనంటోందని సంజాయిషీలా చెప్పుకొచ్చాను. ఆయన విని, చాలా మామూలుగా అడిగాడు:

"లైసెన్సు ఉంటే నా కాలు ఇరగకపోవునా బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. వాదన కోసం కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడాయన. నాకు నా లైసెన్సు ఎలా వచ్చిందో గుర్తొచ్చింది. ఏజెంటు చేతిలో డబ్బులు పెట్టి, నేల మీద గీసిన ఎనిమిది అంకె చుట్టూ ఒక్కసారి తిరిగి, ఫోటో దిగి ఇంటికొచ్చాను. చింటూ వెళ్ళుంటే వాడికీ అలాగే వచ్చేది. అదే మలుపు, అదే తడి రోడ్డు, అదే తొందర. కాలు విరిగేదే.

ఆశ్చర్యమేంటంటే, ఆ ప్రశ్నని సుప్రీంకోర్టు కూడా పట్టించుకుంది. మా వకీలు ఒక సాయంత్రం తన ఆఫీసులో కూర్చోబెట్టి స్వరణ్ సింగ్ కేసు చెప్పాడు. 2004 జనవరిలో వచ్చిన తీర్పు. లైసెన్సు లేదన్న ఒక్క మాటతో కంపెనీ తప్పించుకోలేదు. యజమాని తెలిసి గానీ, తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోక గానీ బండి ఇచ్చాడని కంపెనీయే రుజువు చెయ్యాలి. లైసెన్సు లోపం ప్రమాదానికి కారణమైందా లేదా అన్నది కూడా చూడాలి. ఎల్.ఎల్.ఆర్. బతికుంటే లైసెన్సు ఉన్నట్టే లెక్క. ఒకవేళ యజమాని తప్పు రుజువైనా, దెబ్బ తగిలిన మనిషిని ఖాళీ చేతులతో పంపకుండా, ముందు కంపెనీని కట్టమని, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని చెప్పొచ్చు. కోర్టు భాషలో 'పే అండ్ రికవర్'.

"కాబట్టి," అన్నాడు వకీలు, కళ్ళజోడు తీసి, "అంతా ఒక్క ప్రశ్న మీద ఉందమ్మా. వాడికి ఎల్.ఎల్.ఆర్. అయిపోయిందని నీకు తెలుసా? అది నీకూ వాడికీ తప్ప ఎవరికీ తెలియదు. ఉందని నమ్మాను అంటే సరిపోతుంది. జనవరిలో నువ్వే తీయించావు కదా. నమ్మడానికి ఆధారం ఉంది."

"నేను అలా చెప్తే ఆయనకి డబ్బు తగ్గుతుందా?"

"తగ్గదు. నువ్వేం చెప్పినా ఆయనకి వచ్చేది వస్తుంది. తేడా అంతా నీకే."

ఇంటికొచ్చి చాలాసేపు ఆ మాటే ఆలోచించాను. ఈసారి ఎదురుగా మందుల షాపు లేదు, కెమెరా లేదు. నేను అబద్ధం చెప్తే ఇస్త్రీ ఆయనకి నష్టం లేదు. నష్టపోయేది ఒక కంపెనీ. బాబాయి, అమ్మ, ఆఫీసులో స్నేహితులు అందరూ ఒకటే మాట: పిచ్చిదానివా?

సాక్ష్యం రోజు కంపెనీ వకీలు తొందరేమీ లేకుండా అడిగాడు. అంతకుముందే ఆర్టీఏ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి రికార్డు చూపించి, ప్రమాదం తేదీకి చింటూ పేరు మీద ఏ లైసెన్సూ లేదని చెప్పి వెళ్ళాడు. ఆ తేదీకి ఎల్.ఎల్.ఆర్. అయిపోయి ఇరవై మూడు రోజులు.

"మీ తమ్ముడి లెర్నర్స్ గడువు ముగిసిందని మీకు తెలుసు."

"జనవరిలో తీసుకున్నాడండీ."

"అది నేను అడగలేదు. ముగిసిందని తెలుసా?"

"వాడు చూసుకుంటాడనుకున్నాను."

"తెలుసా, తెలీదా?"

మూడోసారి అడిగేసరికి, "తెలుసు" అన్నాను.

గొప్ప కోసం అనలేదు. ఇది హరిశ్చంద్రుడి కథ కాదు. ఆయన ఆ ప్రశ్నని ఎన్ని వైపుల నుంచి తిప్పి అడిగినా నాకు ఆ రాత్రి, ఆ క్రికెట్, ఆ పప్పే గుర్తొస్తున్నాయి. తెలీదని చెప్పడానికి ముందు నేను వాటిని మర్చిపోవాలి. అది చేతకాలేదు. అలిసిపోయాను కూడా. మా వకీలు ఫైలు మూసి కిటికీలోంచి బయటికి చూశాడు.

2024 నవంబరులో తీర్పు వచ్చింది. 3,40,000 రూపాయలు, కేసు వేసిన రోజు నుంచి ఏడున్నర శాతం వడ్డీ. కంపెనీ ముందు ట్రిబ్యునల్లో జమ చెయ్యాలి, తర్వాత నా దగ్గర వసూలు చేసుకోవాలి. వాళ్ళు జమ చేశారు. ఆయనకి డబ్బు అందింది. 2025లో నాకు వసూలు నోటీసు వచ్చింది, వడ్డీతో కలిపి నాలుగు లక్షలకు కొంచెం తక్కువ. దానికోసం నా మీద మళ్ళీ కొత్త దావా వెయ్యక్కర్లేదు, ఆ తీర్పునే నా మీద అమలు చేయించుకోవచ్చని అప్పుడే తెలిసింది. బతిమాలి వాయిదాలకి ఒప్పించుకున్నాను. చింటూ తన కేసులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాడు. నా 180 కూడా అలాగే జరిమానాతో పోయింది. ఇప్పుడు వాడికి ఉద్యోగం ఉంది. ప్రతి నెలా ఐదో తారీఖున నా ఫోనుకి ఆరు వేలు వస్తాయి. కింద ఏమీ రాయడు. మొదటి నెల మాత్రం 'సారీ అక్కా' అని రాశాడు.

ఇస్త్రీ ఆయన ప్రశ్నకి ఇప్పటికీ పూర్తి జవాబు నాకు తెలియదు. కానీ సగం జవాబు తెలిసిందనుకుంటున్నాను. ఆ కార్డు ఉన్నంత మాత్రాన కాలు విరక్కుండా ఉండదు. విరిగాక ఆ మనిషి బరువు ఎవరి మీద పడాలో అది తేలుస్తుంది. రోడ్డు మీద నేనెరగని వాళ్ళకి నా వల్ల ఏమైనా అయితే, నా తరఫున ఎవరో నిలబడతారన్న మాట అది. ఆ మాట లేకుండా తాళం చెవి ఇవ్వడమంటే, చేబదులుగా స్కూటీ ఇచ్చానని నేననుకున్నాను. నిజానికి ఒక ముక్కూమొహం తెలియని ఇస్త్రీ ఆయన ఎడమ కాలు పూచీ పెట్టాను.

ఇప్పుడు మా అపార్టుమెంటు సెల్లారులో పదో తరగతి పిల్లలు నాన్నల బండ్లు తిప్పుతుంటే చూసి ఊరుకోలేను. పైఅంతస్తు ఆవిడకి ఒకసారి చెప్పాను. మైనరు నడిపి ఏదైనా జరిగితే 199ఎ కింద తండ్రికో యజమానికో మూడేళ్ళ వరకు జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు, పిల్లాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు అని. "మావాడు గేటు దాటడండీ" అంది. మరుసటి ఆదివారం ఆ పిల్లాడు పెరుగు పాకెట్ హ్యాండిలుకి తగిలించుకుని గేటు లోపలికి వస్తూ నాకు ఎదురయ్యాడు. ఇద్దరం తల దించుకున్నాం.

మొన్న దసరాకి ఖమ్మం వెళ్ళినప్పుడు నాన్న పర్సులోంచి లైసెన్సు తీసి చూశాను. 2017లో రెన్యువల్ చేయించింది, ఐదేళ్ళకి. అంటే 2022లో అయిపోయింది. మూడేళ్ళుగా నాన్న అదే బండి మీద బజారుకీ, బ్యాంకుకీ, అమ్మని ఎక్కించుకుని గుడికీ తిరుగుతున్నాడు. గడువు దాటి ఏడాదిలోపైతే ఊరికే రెన్యువల్ చేసేవాళ్ళు. ఏడాది దాటింది కాబట్టి మళ్ళీ టెస్టు ఇవ్వాలి.

"నాకు టెస్టా?" అన్నాడు నాన్న. "నువ్వు పుట్టకముందు నుంచి నడుపుతున్న."

నేను ఏమీ అనలేదు. కార్డు టీపాయి మీద పెట్టాను. అమ్మ ఆ రాత్రి ఏం చెప్పిందో తెలియదు.

పోయిన వారం నాన్న ఫోన్ చేశాడు. టెస్టుకి వెళ్ళాడట. ఎనిమిది వేస్తూ రెండో మలుపులో కాలు కింద పెట్టాడట. ఫెయిల్ చేశారు. మళ్ళీ రమ్మన్నారు.

"మరి బండి?"

"షెడ్డులో పెట్టిన."

"బజారుకి ఎట్లా పోయినవు నాన్నా?"

"నడిచిపోయిన" అన్నాడు. ఒక నిమిషం ఆగి, "అంత దూరమేం కాదు" అన్నాడు.